ఏటి ఒడ్డున డేరా, పొద్దున్నే అంట్లు: మూడు ఓవర్‌ల్యాండ్ ట్రిప్పుల తర్వాత

ఉద్యోగం మీద జోహన్నెస్‌బర్గ్‌లో ఉన్న రోజుల్లో మూడుసార్లు ఓవర్‌ల్యాండ్ ట్రక్కు ఎక్కాను, అంటే దారిలో టెంట్లు వేసుకుంటూ దేశాలు దాటే యాత్ర బండి. 2017లో కేప్‌టౌన్ నుంచి విక్టోరియా జలపాతం దాకా 20 రోజులు. ఆ తర్వాత 2019లో, 2023లో నమీబియా రాజధాని విండ్‌హుక్ నుంచి ఉత్తరంగా రెండు చిన్న ట్రిప్పులు. అన్నీ కలిపి నలభై రాత్రులకు పైనే టెంట్‌లో పడుకున్నాను. ఎవరైనా అడిగితే ఇప్పుడు ఒకటే చెబుతాను: ఎడారి తగ్గించుకోండి, నదులు పెంచుకోండి.

ముందు బండి సంగతి. ఇది టూరిస్టు బస్సు కాదు. లారీ ఛాసిస్ మీద సీట్లు బిగించి, కింద అరల్లో గ్యాస్ పొయ్యి, కుర్చీలు, టెంట్లు, నీళ్ళ ట్యాంకు సర్దిన వాహనం. ఇరవై మందిమి ఉండేవాళ్ళం. నేనెక్కిన మూడింటిలోనూ ఏసీ లేదు. నమీబియా కంకర రోడ్ల మీద కిటికీ తీస్తే దుమ్ము, మూస్తే ఉక్క. కేప్‌టౌన్ ట్రిప్పు 5,000 కిలోమీటర్లకు పైనే. సోసుస్‌వ్లే ఎర్ర ఇసుక దిబ్బలు బాగుంటాయి, కాదనను. కానీ వాటికి ముందూ వెనకా రోజంతా కూర్చుని నడుము పట్టేసింది.

పని అందరిదీ. కూరలు తరగడం, అంట్లు తోమడం వంతులవారీగా వస్తాయి. కడిగిన పళ్ళాలను గుడ్డతో తుడవనివ్వరు, గాలిలో ఊపి ఆరబెట్టాలి. దీన్ని ఫ్లాపింగ్ అంటారు. తడిగుడ్డ ద్వారా ఒకరి కడుపునొప్పి ఇరవై మందికి అంటుకోకుండా ఈ ఏర్పాటు. మొదటిరోజు నవ్వొచ్చింది గానీ, 20 రోజుల్లో ఎవరికీ కడుపు చెడలేదు.

శాకాహారులకు తిండి దొరుకుతుంది, కాకపోతే పూటపూటా బటర్‌నట్ గుమ్మడే. కారప్పొడి సీసా లేకపోతే నేను మధ్యలోనే దిగిపోయేవాణ్ణి. బోట్స్వానాలో గాలికుంటు భయంతో పశువుల కంచెల దగ్గర బండి ఆపి, పచ్చి మాంసం ఉంటే తీసేసుకుంటారు, చెప్పులు మందునీళ్ళలో ముంచి నడవమంటారు. అందుకే సరిహద్దుకు ముందురాత్రి మిగిలిన మాంసమంతా నిప్పుల మీదకు చేరుతుంది.

ఇక నదులు. ఆరెంజ్ నది దిగువన మొసళ్ళు, హిప్పోలు ఉండవు, హాయిగా ఈదాం. ఆ ధైర్యాన్ని అక్కడే వదిలేయాలి. నమీబియాలోని దివుందు దగ్గర ఒకావాంగో నది ఒడ్డున డేరా వేసినప్పుడు గైడు మొదట చూపించింది బాత్రూమ్ కాదు, గడ్డి అణిగిపోయిన ఒక దారి. రాత్రుళ్ళు హిప్పోలు మేతకు ఒడ్డెక్కే దారి అది. దాని మీద టెంట్ వేయకూడదు, హిప్పోకీ నీళ్ళకీ మధ్య నిలబడకూడదు. టెంట్‌లో అరటిపండు కూడా ఉంచకూడదు. చెప్పులు బయట విడిస్తే నక్కలు ఎత్తుకుపోతాయి. (పోపా ఫాల్స్ అక్కడికి దగ్గరే. పేరు చూసి జలపాతం అనుకోకండి, రాళ్ళ మీదుగా నీళ్ళు ఉరకడమే.)

ఆ రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. గుడ్డ గోడకు అటువైపు, చేయి చాస్తే అందేంత దగ్గరలో, ఏదో గడ్డిని పరపరా పీకుతోంది. ఊపిరి బిగబట్టి పడుకున్నాను. టెన్షన్‌లో ఫోన్ రికార్డింగ్ ఎలా నొక్కానో నాకే తెలియదు. అరగంట మేసి వెళ్ళిపోయింది.

బోట్స్వానాలోని మౌన్ దగ్గర అదే నది డెల్టాలో మొకోరో అనే దోనె ఎక్కిస్తారు. వెనక నిలబడి గెడ వేస్తారు. మాది కోనసీమ లంక, కాబట్టి నాకు అది కొత్తగా అనిపించలేదు, ఇల్లు గుర్తొచ్చింది. చిత్రమేమిటంటే అక్కడ వరద వచ్చేది వానల్లేని జూన్, జూలైలలో. అంగోలా ఎత్తుల మీద కురిసిన నీరు అంత నెమ్మదిగా దిగుతుంది. 2019లో మాత్రం కరువు. మౌన్‌లో తమలకానె నది ఎండిపోయింది, దోనె కోసం చాలా లోపలికి తీసుకెళ్ళారు. బుకింగ్ అప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఆ ట్రిప్పులోనే నా టెంట్ జిప్పు పాడైతే పిన్నీసులు ఇచ్చారు. మలేరియా మాత్రలు వేసుకుంటున్నా, దోమల మధ్య పిన్నీసులతో నాలుగు రాత్రులు గడిపాను. తర్వాత మెయిల్ పెడితే క్షమాపణ వచ్చింది, డబ్బు రాలేదు.

చోబె నది మీద సాయంత్రం బోటు షికారు ఒక్కదానికి ఎంత అడిగినా ఇవ్వొచ్చు. ఏనుగులు తొండాలు పైకెత్తి ఈదుకుంటూ సెడూడు లంకకు మేతకు వెళతాయి. ఆ గడ్డి లంక కోసం నమీబియా, బోట్స్వానా అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళాయి, 1999లో బోట్స్వానాకు దక్కింది. లంక తగాదాలు మాకేం కొత్త కాదు.

టెంట్ కష్టమనుకునేవాళ్ళకు అదే దారిలో గదుల్లో పడుకునే ట్రిప్పులు ఉన్నాయి, ఖర్చు బాగా ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అవే తీసుకోవాలి. ట్రక్కు మెట్లు నిటారుగా ఉంటాయి, దిగి ఎక్కడం రోజుకు పదిసార్లు. వెళితే జూన్ నుంచి సెప్టెంబరు లోపు వెళ్ళండి. ఎడారిలో ఆ రాత్రుళ్ళు గడ్డకట్టే చలి, మందపాటి స్లీపింగ్ బ్యాగ్ తప్పనిసరి.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ అర్ధరాత్రి రికార్డింగ్ నాన్నకు వినిపించాను. కళ్ళు మూసుకుని విని, "ఇందులో ఏముందిరా, మన గేదే కదా" అన్నారు.