నాలుగు స్క్రూల వాచీకి సెల్లు: ఇంట్లో మార్చాలా, షాపుకు పోవాలా?

మొన్న ఆదివారం మా అక్క కొడుకు వచ్చి వాచీ విప్పి నా చేతిలో పెట్టాడు. "మామా, లైటు నొక్కితే అంకెలు మాయమైతున్నయ్. గడియారం సెంటర్ల ఇచ్చి రావాల్నా, నువ్వే చేస్తవా?" అన్నాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న పిల్లగాడు. పొద్దున్నే నల్లగొండ మేకల అభినవ్ స్టేడియంలో 1600 మీటర్లు ఉరుకుతాడు. సెల్‌ఫోన్ పట్టుకొని ఉరకలేడు కాబట్టి సెకన్ల లెక్కంతా ఆ వాచీ మీదే. వాడి జట్టులో సగం మందికి ఉన్నది అదే వాచీ, కాసియో ఎఫ్-91డబ్ల్యూ. 1989లో వచ్చిన మోడల్, ఇప్పటికీ అదే రూపం. సెల్లు అయిపోయినప్పుడల్లా వాళ్లలో ఎవరో ఒకరు నన్ను ఇదే మాట అడుగుతున్నారు. అందుకే ఈసారి కూర్చొని వివరంగా రాస్తున్నాను.

చాలామంది డబ్బు లెక్కతో తేల్చేస్తారు. సెల్లు మనమే కొని వేసుకుంటే ఇంత, షాపులో వేయిస్తే ఇంత, మిగిలేది ఇంత అని. ఆ తేడా రెండు చాయలు, ఒక సమోసా అంత. దానికోసం ఇంట్లో వాచీ విప్పమని నేను ఎవరికీ చెప్పను. వాచీ ఎక్కడ విప్పాలన్నది తేల్చేది ఒక్కటే: వెనక మూత ఏ రకానిది, దాని కింద ఉన్న రబ్బరు రింగును మళ్లీ సరిగ్గా ఎవరు కూర్చోబెట్టగలరు. సెల్లు మార్చడం చిన్న పని. మూత మూయడమే అసలు పని.

ఇది నాకు నష్టపోయాక తెలిసింది. కొన్నేళ్ల కింద నా వాచీని ఒక షాపులో ఇచ్చాను. పెళ్లిళ్ల సీజన్, కౌంటర్ ముందు జనం. రెండు నిమిషాల్లో సెల్లు మార్చి ఇచ్చారు, టైం కూడా సరిచేసి ఇచ్చారు. సంతోషంగా పెట్టుకొని వచ్చాను. మృగశిర కార్తెలో తొలి వానకు బండి మీద తడిసిన సాయంత్రం అద్దం లోపల మసక కమ్మింది. నాలుగు రోజులకు అంకెలు సగం సగం వెలిగాయి, ఆ తర్వాత మొత్తం పోయాయి. ఇంటికొచ్చి నేనే విప్పి చూస్తే రబ్బరు రింగు ఒక మూలన గాడిలోంచి బయటికొచ్చి మూత అంచు కింద నలిగి చదునైపోయింది. సెల్లు తగిలే రేకు మీద పచ్చగా చిలుము. ఆ వాచీ మళ్లీ నడవలేదు.

షాపు వాళ్లకు పని రాదని నేను అనడం లేదు. వాచీల పనిలో ముప్పై నలభై ఏళ్లు గడిపినవాళ్లు క్లాక్ టవర్ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు. తాళం గడియారం నుంచి ఆటోమేటిక్ దాకా కంటికి అద్దం పెట్టుకొని విప్పి బిగించగలరు. ఆ చేతి ముందు నా చేయి ఎంత! కానీ డిజిటల్ వాచీ సెల్లు వాళ్లకు అన్నింటికంటే చిన్న పని. దానికి వాళ్లిచ్చే సమయం కూడా అంతే. రింగు గాడిలో సరిగ్గా పడిందా, వెంట్రుక ఏమైనా అడ్డం పడిందా అని చుట్టూ తిప్పి చూసే తీరిక కౌంటర్ దగ్గర దొరకదు. ఇంట్లో మనకు ఆదివారం మొత్తం ఉంటుంది. ఇంటిపనికి నేను మొగ్గడానికి ఇదే కారణం.

అందుకే మొదట వాచీ తిరగేసి చూడండి. నాలుగు మూలల నాలుగు చిన్న ప్లస్ స్క్రూలు ఉంటే అది ఇంట్లో చేసుకోగలిగిన పని. కళ్లద్దాలు, మొబైల్ ఫోన్లు బిగించే చిన్న స్క్రూడ్రైవర్ సెట్టు చాలు. బిట్టు స్క్రూ తలలో గట్టిగా కూర్చోవాలి. వదులుగా ఉన్న బిట్టుతో తిప్పితే తల అరిగిపోతుంది, అప్పుడు షాపు వాళ్లకు కూడా కష్టమే. ఫ్యాను ఆపి, తెల్లటి బట్ట పరుచుకొని కూర్చోవాలి. స్క్రూలు నువ్వుగింజంత ఉంటాయి.

మూత తీయగానే ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. ఆ తర్వాతే ఏదైనా ముట్టుకోండి. ఎఫ్-91డబ్ల్యూలో బీప్ శబ్దం చేసే పల్చటి బిళ్ల మూతకే అతికించి ఉంటుంది. లోపలి మిషన్ నుంచి దానికి కరెంటు అందించేది ఒక సన్నని స్ప్రింగు. అది నిలబడి ఉంటుంది తప్ప దేనికీ అతికి ఉండదు. వాచీ బోర్లా తిప్పితే జారి పడుతుంది. అది పోతే టైం నడుస్తుంది కానీ అలారం మోగదు, బటన్ నొక్కినా బీప్ రాదు. పొద్దున నాలుగున్నరకు అలారం పెట్టుకొని లేచే పిల్లలకు అది చిన్న నష్టం కాదు.

సెల్లు మీద సన్నని రేకు క్లిప్పు ఉంటుంది. పక్కనున్న కొక్కేన్ని మెల్లగా నొక్కితే లేస్తుంది. పాత సెల్లు ఏ వైపు పైకి ఉందో చూసి కొత్తది అట్లాగే పెట్టాలి. ఇనుప చిమ్టాతో సెల్లును రెండు వైపులా కలిపి పట్టుకుంటే ప్లస్, మైనస్ కలిసిపోయి షార్ట్ అవుతుంది. ప్లాస్టిక్‌ది వాడండి, లేకపోతే శుభ్రమైన బట్టతో అంచులు పట్టుకోండి.

కొత్త సెల్లు వేశాక కూడా అంకెలు పిచ్చిగా రావడమో, అసలు రాకపోవడమో జరిగితే వాచీ పాడైందనుకొని చాలామంది భయపడతారు. లోపల ఒకచోట ఇంగ్లీషులో ఏ, సీ అని రెండక్షరాలు, పక్కన బాణం గుర్తు ఉంటాయి. ఆల్ క్లియర్ అన్నమాట. బాణం చూపించే చుక్కనూ సెల్లు పై ముఖాన్నీ ఇనుప చిమ్టా రెండు మొనలతో రెండు సెకన్లు కలిపి పట్టుకోవాలి. లోపలి మెమరీ తుడిచిపెట్టుకుపోయి వాచీ మొదటినుంచి మొదలవుతుంది. ఇనుప చిమ్టా అవసరమయ్యేది ఈ ఒక్కచోటే. చాలా షాపుల్లో ఇది చేస్తారు, కొన్నిచోట్ల చేయకుండానే "మిషన్ పోయింది" అని తిరిగిచ్చిన వాచీలు నా దగ్గరికి వచ్చి నడిచాయి.

ఇక రింగు. దాన్ని బయటికి తీసి వేలితో మెల్లగా సాగదీసి చూడండి. సాగి వెనక్కి వస్తే బాగుంది. గట్టిపడి చదునుగా ఉన్నా, పగుళ్లున్నా మార్చాలి. గాడిని దూదిపుల్లతో తుడవండి. మా దిక్కు ఎండాకాలం దుమ్ము, చెమట ఉప్పు కలిసి అక్కడ నల్లటి మట్టిలా పేరుకుంటాయి. సిలికాన్ గ్రీజు ఉంటే రెండు వేళ్ల మధ్య పల్చగా పూసి రింగును అందులోంచి జార్చండి. కొబ్బరినూనె, వాజిలిన్ వద్దు. దుమ్మును పట్టుకుంటాయి, కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తాయి కూడా. రింగు గాడిలో చుట్టూ పడిందని కళ్లారా చూశాకే మూత పెట్టండి. స్క్రూలు వరసగా కాకుండా ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా బిగించాలి. బిగువు తగలగానే ఆపాలి. మొత్తం అరగంట పని. అందులో పది నిమిషాలు ఈ రింగుకే ఇవ్వండి.

ఇంత చేసినా ఒక మాట గుర్తుంచుకోవాలి. ఎఫ్-91డబ్ల్యూ మీద నీళ్లకు తట్టుకుంటుందని రాసి ఉంటుంది కానీ ఎన్ని మీటర్లని ఉండదు. అంటే చేతులు కడుక్కున్నప్పుడు చింది పడిన నీళ్లు, వాన చినుకులు. సెల్లు ఎక్కడ మార్చినా, ఎండాకాలం సెలవుల్లో వ్యవసాయ బావిలోకి దూకేటప్పుడు దాన్ని విప్పి ఒడ్డున పెట్టాల్సిందే.

వెనక స్క్రూలు లేకుండా నున్నగా, అంచున చిన్న సందు మాత్రమే ఉంటే అది నొక్కుడు మూత. ఇక్కడ నా మాట పూర్తిగా మారుతుంది. షాపుకే పొండి. కత్తి మొన పెట్టి లేపడం సులువే, చేయి జారి గీత పడితే పడుతుంది. కష్టమంతా తిరిగి మూసేటప్పుడే. బొటనవేళ్లతో ఎంత ఒత్తినా ఒకవైపు కూర్చుంటే ఇంకోవైపు లేస్తుంది, బలమంతా పెడితే అద్దం పగులుతుంది. షాపులో దానికి ప్రెస్సు ఉంటుంది, వాచీ సైజుకు తగ్గ బిళ్లలు పెట్టి ఒక్కసారి నొక్కితే సమానంగా పడుతుంది. ఆ ప్రెస్సు కొని ఇంట్లో పెట్టుకోవడం దండగ. మా ఇంట్లో ఆమె వాచీ ఈ రకమే, దాన్ని నేను ఇప్పటికీ ప్రకాశం బజార్ దిక్కే తీసుకుపోతాను. అయితే మధ్యాహ్నం మూడింటికి, గిరాకీ లేని వేళ పోయి, "రింగు ఒకసారి చూడు అన్నా, తొందరేం లేదు" అని చెప్పి అక్కడే నిలబడతాను. తొందర లేనప్పుడు వాళ్లు చేసే పని ఎంత శుభ్రంగా ఉంటుందో చూడాలి.

100 మీటర్లు, 200 మీటర్లు అని రాసున్న ఖరీదైన వాచీలకు కంపెనీ సర్వీస్ సెంటరే సరి. కొత్త రింగు వేసి ఒత్తిడి పరీక్ష చేసి ఇస్తారు, ఆ మిషన్ మామూలు కౌంటర్ల దగ్గర ఉండదు. మా నల్లగొండ నుంచి దానికోసం హైదరాబాద్ పోయి రావాలంటే ఒక రోజు పని. వెయ్యి రూపాయల పైచిలుకు వాచీకి అంత అవసరం లేదు.

ఎండ తగిలితే ఛార్జ్ అయ్యే సోలార్ వాచీలను ఇంట్లో ముట్టుకోకండి. వాటిలో ఉండేది మళ్లీ మళ్లీ ఛార్జ్ అయ్యే ప్రత్యేక సెల్లు. సైజు సరిపోయింది కదా అని మామూలు లిథియం సెల్లు (మీద సిఆర్ అని రాసుండేది) పెడితే, ఛార్జ్ కాకూడని దానిలోకి కరెంటు పోతుంది. అది ప్రమాదం. మొబైల్ రిపేరు షాపులో మార్పించడం, రోడ్డు పక్క బెల్టులమ్మే బండి దగ్గర మార్పించడం కూడా కొందరు అడుగుతారు. స్క్రూల వాచీ అయితే మీరు చేసినా ఒకటే, వాళ్లు చేసినా ఒకటే.

ఇంట్లో మార్చడానికి ఇంకో లాభం సెల్లు మన చేతిలో ఉండటం. ఎఫ్-91డబ్ల్యూకు కావాల్సింది సిఆర్ 2016, 3 వోల్టుల లిథియం. ఆ అంకెల్లోనే కొలత ఉంది: మొదటి 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, తర్వాతి 16 అంటే 1.6 మిల్లీమీటర్ల మందం. 2025, 2032 కూడా అంతే వెడల్పు, మందమే ఎక్కువ. అవి దూర్చి మూత బిగిస్తే క్లిప్పు వంగుతుంది, మూత సరిగ్గా పడదు, మళ్లీ కథ రింగు దగ్గరికే వస్తుంది. చిన్న సెల్లుల వాచీలైతే ఎస్‌ఆర్, ఎల్‌ఆర్ తేడా చూడండి. ఎస్‌ఆర్ సిల్వర్ ఆక్సైడ్, 1.55 వోల్టులు చివరిదాకా దాదాపు నిలకడగా ఇస్తుంది. ఎల్‌ఆర్ ఆల్కలైన్, మెల్లమెల్లగా తగ్గుతుంది, కారి లోపలి రేకులను తినే గుణం కూడా దానికి ఎక్కువ. సైజు ఒకటే కాబట్టి కౌంటర్లో చేతికందింది వేసేస్తారు. ఎండకు వేలాడదీసిన పట్టీలోంచి తీసిన సెల్లు కొనకండి. వేడికి సెల్లులోని శక్తి వాడకుండానే తరిగిపోతుంది, మన ఎండలు మామూలు ఎండలు కావు. తారీఖు ఉన్న, కవరు చిరగని సెల్లు కొనండి. షాపులో మార్పించుకునేవాళ్లు కూడా ఇట్లాంటి సెల్లు కొనుక్కొని పోవచ్చు, ఎవరూ కాదనరు.

ఎఫ్-91డబ్ల్యూ సెల్లు ఏడేళ్లు వస్తుందని కంపెనీ లెక్క. మా మేనల్లుడిది మూడేళ్లకే అయిపోయింది. వాచీతో వచ్చే మొదటి సెల్లు ఫ్యాక్టరీలో పరీక్ష కోసం వేసింది, మన చేతికొచ్చేసరికే కొంత ఆయుష్షు పోయి ఉంటుంది. పైగా చీకట్లో ఉరికేవాడు లైటు ఎన్నిసార్లు నొక్కుతాడో చెప్పనక్కర్లేదు.

పాత సెల్లు గురించి మాత్రం గట్టిగా చెప్తాను. దాన్ని బల్ల మీద వదలకండి. లైటుకు సరిపోని సెల్లులో కూడా పసిపిల్లల గొంతును కాల్చేంత శక్తి మిగిలే ఉంటుంది. మింగి ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల పుండు పడుతుంది. ఎవరైనా మింగారని అనుమానం వచ్చినా సరే, కక్కించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆసుపత్రికి ఉరకాలి. ఇంట్లో చిన్నపిల్లలుండి, పని చేసుకునేందుకు తలుపు వేసుకునే గది లేకపోతే, స్క్రూల వాచీ అయినా షాపులోనే మార్పించండి. ఈ ఒక్క విషయంలో నేను నా ఇష్టాన్ని పక్కన పెడతాను.

ఆ రోజు పాత సెల్లుకు రెండు వైపులా టేపు చుట్టి పై అరలో పెట్టాక, స్క్రూడ్రైవర్ వాడి చేతికే ఇచ్చి చివరి రెండు స్క్రూలు బిగించమన్నాను. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి బిగించాడు. లైటు నొక్కితే అంకెలు కదలకుండా నిలబడ్డాయి. బీప్ వచ్చింది. టైం పెట్టుకొని, నాలుగున్నరకు అలారం పెట్టుకొని పోయాడు. ఈ వారం రెండు రోజులు పొద్దున్నే వాన పడింది. ఫోన్ చేసి, "అద్దం సాఫ్‌గనే ఉంది మామా" అన్నాడు.