కుక్క శిక్షణ పుస్తకం: ఆర్డర్ పెట్టాక అచ్చయ్యేదా, ముందే అచ్చయిందా, ఈ-బుక్కా?

ముందు తీర్పు చెప్పేస్తాం, కారణాలు తర్వాత. కుక్క ప్రవర్తనను చదివి అర్థం చేసుకునే పుస్తకమైతే ప్రింట్ ఆన్ డిమాండ్ ప్రతి, అంటే ఆర్డర్ పెట్టాక అచ్చయ్యేది, నిక్షేపంగా సరిపోతుంది. ఫొటోలు చూస్తూ అంచెలంచెలుగా చేయించాల్సిన పుస్తకమైతే పబ్లిషర్ ముందే ఆఫ్‌సెట్‌లో వేలకొద్దీ ఒకేసారి వేసిన ప్రతి మేలు. అది దొరక్కపోతే ఈ-బుక్ కొని ట్యాబ్‌లో చూడటం నయం. కుక్కపిల్ల ఇప్పటికే ఇంటికి వచ్చేసి ఉంటే మాత్రం ఇంకో ఆలోచన వద్దు, ఈ-బుక్కే. కొత్త మనుషులు, చప్పుళ్లు, నేలలు, ఇతర కుక్కలు ఇవన్నీ భయం లేకుండా అలవాటయ్యే వయసు దాదాపు 3వ వారం నుంచి 12–14 వారాల దాకానే. ఎనిమిది వారాల పిల్లను తెచ్చుకుని, పుస్తకం అచ్చయి పార్సిల్‌లో వచ్చేదాకా కూర్చుంటే ఆ కాస్త గడువులోనే రోజులు పోతాయి.

ప్రింట్ ఆన్ డిమాండ్ పుస్తకం గోడౌన్‌లో సిద్ధంగా ఉండదు. మీరు ఆర్డర్ పెట్టాక ఫైలు డిజిటల్ ప్రింటర్‌కు వెళ్తుంది. లోపలి కాగితాలు ఒకచోట, అట్ట ఇంకోచోట అచ్చయి, గమ్ముతో అతుక్కుని, మూడు వైపులా కత్తిరింపు అయ్యాక ప్యాక్ అవుతుంది. ఆఫ్‌సెట్‌లో అయితే ప్లేట్లు చేసి వెయ్యి, రెండు వేలు ఒకేసారి వేస్తారు కాబట్టి రంగుల ఖర్చు అన్ని ప్రతుల మీదా పంచుకుపోతుంది. ఒక్కో ప్రతి విడిగా అచ్చయ్యే చోట ఆ వెసులుబాటు ఉండదు, రంగు పేజీల ఖర్చు ప్రతి పుస్తకం మీదా పూర్తిగా పడుతుంది. ధర పెరక్కూడదని చాలామంది రచయితలు లోపల నలుపు-తెలుపే ఎంచుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

నల్ల కుక్క, ముదురు రంగు సోఫా, మామూలు కాగితం. ఈ మూడూ కలిసిన ఫొటోలో చెవులు వెనక్కి వాలాయా లేదా, పెదవి మూల బిగుసుకుందా, తోక ఎంత ఎత్తున ఉంది అన్నవన్నీ ఒకే నల్ల ముద్దలో కలిసిపోతాయి. కుక్క భయపడుతోందా, ఆడుకుంటోందా అని పోల్చుకోవడానికి పనికొచ్చే గుర్తులు సరిగ్గా అవే. క్రీమ్ రంగు కాగితం మీద ఈ తేడాలు ఇంకా మందగిస్తాయి. వచనానికి ఆ కాగితం కంటికి హాయిగా ఉంటుంది, ఫొటోలకు తెల్లదే కావాలి. అందుకే శాంపిల్ పేజీల్లో ఫొటోలు చూసి మురిసిపోకండి. తెర మీద రంగుల్లో కనిపించేది చాలాసార్లు ఈ-బుక్ శాంపిలే, మీ చేతికొచ్చేది నలుపు-తెలుపు ప్రతి కావచ్చు. వివరాల్లో ‘కలర్’ అన్న మాట ఉందో లేదో వెతకండి. ఫొటోలకు బదులు గీత బొమ్మలున్న పుస్తకమైతే ఈ బెంగ లేదు. డిజిటల్ ప్రింటింగ్‌లో గీతలు చక్కగా పడతాయి.

రెండో చిక్కు బైండింగ్. శిక్షణ ఇచ్చేటప్పుడు ఒక చేతిలో ట్రీట్లు, ఇంకో చేతిలో లీష్ ఉంటాయి. పుస్తకం బల్ల మీద తెరిచి పెడితే దానంతటది మూసుకోకూడదు. గమ్ బైండింగ్ పుస్తకం అలా నిలవదు, బలవంతంగా వెనక్కి విరిస్తే వెన్ను చిట్లి కాగితాలు ఊడతాయి. కుట్టు బైండింగ్ ఉన్న ఆఫ్‌సెట్ పుస్తకానిదే ఇక్కడ పైచేయి. అయితే ఆఫ్‌సెట్ పేపర్‌బ్యాక్‌లలోనూ చాలావాటికి గమ్మే వాడతారు, కుట్టు ఉందని ముందే అనుకోవద్దు. రోజూ చేతిలో ఉండాల్సిన ప్రింట్ ఆన్ డిమాండ్ పుస్తకానికి మంచి ఉపాయం ఒకటుంది. జిరాక్స్ షాపులో వెన్ను మూడు, నాలుగు మిల్లీమీటర్లు కోయించి స్పైరల్ వేయించండి. కోసే ముందు లోపలి అంచు చూసుకోండి. అక్షరాలకూ వెన్నుకూ మధ్య కనీసం అరంగుళం ఖాళీ లేకపోతే రంధ్రాలు అక్షరాల మీద పడతాయి. ఇంకో మాట, కోసిన పుస్తకాన్ని ఎవరూ వాపసు తీసుకోరు. పేజీలన్నీ సరిచూసుకున్నాకే షాపుకు వెళ్లండి.

ఇక లోపలి సరుకు సంగతి. ప్రింట్ ఆన్ డిమాండ్ అనగానే ఎవరో సొంతంగా వేసుకున్న పుస్తకం అనుకోవడం పొరపాటు. పేరున్న పబ్లిషర్లు కూడా పాత పుస్తకాలు స్టాకు అయిపోయాక ఇలాగే అచ్చు వేయిస్తున్నారు. అచ్చు పద్ధతి చూసి నాణ్యత చెప్పలేం. కానీ ఈ దారిలో వచ్చే పుస్తకానికి ఎడిటర్ చూపు తగలకపోయినా అడ్డుకునే వాళ్లుండరు. 2023 సెప్టెంబర్‌లో అమెజాన్ తన కేడీపీలో (రచయితలు సొంతంగా పుస్తకాలు ప్రచురించుకునే వేదిక) ఒక్కొక్కరు రోజుకు మూడు కొత్త పుస్తకాలకు మించి పెట్టకూడదని పరిమితి విధించింది. ఏఐతో రాయించిన పుస్తకాలు ఏ వేగంతో వచ్చిపడుతున్నాయో దాన్నిబట్టే ఊహించుకోవచ్చు. పబ్లిషర్ దగ్గర ‘ఇండిపెండెంట్లీ పబ్లిష్డ్’ (రచయితే సొంతంగా వేసుకున్నది) అని ఉంటే శాంపిల్ చదవకుండా కొనకండి. అదే రచయిత పేరు మీద లాబ్రడార్‌కొకటి, బీగిల్‌కొకటి, పగ్‌కొకటి వరసగా ఉంటే రెండు శాంపిళ్లు పక్కపక్కన తెరవండి. జాతి పేరు తప్ప వాక్యాలన్నీ ఒకటే అయితే రెండూ వదిలేయండి.

శాంపిల్‌లో ఏం చూడాలి? ‘కూర్చో’ నేర్పే పేజీ దొరికితే అదొక్కటే చాలు. “ఓపికగా ఉండండి, క్రమం తప్పకుండా చేయండి, మెచ్చుకోండి” అని ఊరుకుంటే ఆ పుస్తకం మీకేమీ నేర్పదు. తెలిసినవాళ్లు రాస్తే ఇలా ఉంటుంది: బఠాణీ గింజంత ట్రీట్‌ను ముక్కుకు ఆనించి, మెల్లగా పైకీ వెనక్కీ జరపాలి. ముక్కు ట్రీట్ వెంట పైకి లేస్తే వెనకభాగం కిందికి దిగుతుంది. నేలకు తగిలిన క్షణంలోనే ‘యస్’ అని, వెంటనే ట్రీట్ ఇవ్వాలి. ఎగురుతోందంటే మీ చేయి మరీ ఎత్తులో ఉంది. వెనక్కి నడుస్తోందంటే చేయి వెనక్కి ఎక్కువ జరుపుతున్నారు, గోడ మూలకు నిలబెట్టి చేయించండి. ఐదారుసార్లు కుదిరాక ఖాళీ చేత్తో అదే సైగ చేసి, ట్రీట్ రెండో చేత్తో ఇవ్వాలి. కుదరనప్పుడు ఎందుకు కుదరలేదో చెప్పడమే మంచి శిక్షణ పుస్తకానికి గుర్తు. అది ఏ పద్ధతిలో అచ్చయినా సరే కొనదగ్గదే.

తేదీ విషయంలోనూ జాగ్రత్త పడాలి. ప్రింట్ ఆన్ డిమాండ్ ప్రతి చివరి పేజీలో కనిపించే తేదీ ఆ ఒక్క ప్రతి అచ్చయిన రోజు. రాసిన సంవత్సరం కాపీరైట్ పేజీలో వెతకాలి. కాపీరైట్ తీరిన వందేళ్ల నాటి పుస్తకాలను స్కాన్ చేసి, కొత్త అట్ట తొడిగి అమ్మేవాళ్లున్నారు. మరకలు పడ్డ పేజీలనైనా సహించవచ్చు గానీ, మెడ పట్టీ గుంజి దారికి తేవాలన్న ఆ కాలపు సలహాలను మీ కుక్క మీద ప్రయోగించడం క్రూరం. “మీరే ఆల్ఫా కావాలి”, అంటే గుంపు నాయకుడిలా కుక్క మీద పెత్తనం చేయాలి అనే పుస్తకాలదీ ఇదే కోవ. ఆ భావనకు మూలం 1947లో జంతు ప్రవర్తన పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ బందీ తోడేళ్ల మీద రాసిన పరిశీలన. 1970లో తన పుస్తకంతో దాన్ని ప్రచారంలోకి తెచ్చిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్, అడవి తోడేళ్ల గుంపు సాధారణంగా తల్లిదండ్రులూ పిల్లలూ ఉన్న కుటుంబమని, ఆ భావనను సరిదిద్దుతూ 1999లో తానే రాశారు. అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ 2021లో అన్ని కుక్కలకూ బహుమతి ఆధారిత పద్ధతులనే సూచించింది. కుక్కను వెల్లకిలా పడేసి నొక్కి పట్టమనో, మూత్రంలో ముక్కు రుద్దమనో ఉంటే ఆ పుస్తకం ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఈ-బుక్‌లో ఫొటోలు పెద్దవి చేసి చూడొచ్చు, మాట వెతుక్కోవచ్చు. కిండిల్ లాంటి ఈ-ఇంక్ తెర ఉన్న రీడర్‌లో రంగులు సాధారణంగా రావని గుర్తుంచుకోండి. సెకండ్ హ్యాండ్‌లో దొరికే ఆఫ్‌సెట్ ప్రతి తరచు అన్నిటికన్నా మంచి బేరం, ఏ సంవత్సరపు ఎడిషనో అమ్మేవాళ్లను అడిగి తెలుసుకోవాలి.

ప్రింట్ ఆన్ డిమాండ్ ప్రతి చేతికి రాగానే, వాపసు గడువు ఉండగానే, అట్ట మీది పేరూ లోపలి పేరూ ఒకటేనా చూడండి. ఒక అట్టలో ఇంకో పుస్తకం రావడం అరుదే గానీ జరుగుతుంది. పేజీ అంకెలు వరసగా తిప్పండి. మధ్యలో ఒక కాగితాన్ని మెల్లగా లాగి గమ్ము పట్టు చూడండి. అంచు కత్తిరింపులో రెండు, మూడు మిల్లీమీటర్ల తేడా ఈ పద్ధతిలో మామూలే, అక్షరాలు తెగితే మాత్రం వాపసు పంపండి. అట్ట పైకి వంకర తిరిగిందని కంగారు పడొద్దు. లామినేషన్ ఒక వైపే ఉంటుంది కాబట్టి రెండో వైపు తేమ పీల్చుకుని అలా అవుతుంది. పొడిగా ఉన్న చోట బరువు కింద రెండు రోజులు ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది.