శ్రీకాళహస్తి గోపురం గ్రాండా, మాగ్నిఫిసెంటా, మెజెస్టిక్కా?

తిరుపతిలో టూరిజం చదివే పిల్లలు, పోటీ పరీక్షలకు ఇంగ్లీషు వ్యాసాలు రాసేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. నిఘంటువు తీస్తే మూడింటికీ ‘వైభవమైన, ఘనమైన’ అనే ఉంటుంది. గొప్పతనం ఎంత అని కొలిస్తే తేడా దొరకదు, ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే దొరుకుతుంది.

పనితనం, హంగు, ధారాళమైన ఖర్చు కళ్లకు కడితే మాగ్నిఫిసెంట్. లాటిన్ మూలంలోనే ‘గొప్పగా చేయడం’ ఉంది. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మేలో కూలింది, తర్వాత కొత్తది లేచింది. దాని కిందే నిలబడి అంతస్తులూ బొమ్మలూ వర్ణిస్తుంటే ‘ఎ మాగ్నిఫిసెంట్ టవర్’ సరైన మాట. ముందు ‘వెరీ’ తగిలించకండి. అతిశయం ఆ మాటలోనే ఉంది. కావాలంటే ‘ట్రూలీ’ అనండి.

అదే గోపురాన్ని స్వర్ణముఖి అవతల నుంచి చూడండి. బొమ్మలు కనిపించవు, నిలువెత్తు ఠీవి మిగులుతుంది. అప్పుడు మెజెస్టిక్. రాజసం పుట్టుకతో వచ్చినట్టుండాలి, ఎవరో అలంకరిస్తే వచ్చినట్టు కాదు. అలిపిరిలో తలెత్తితే కనిపించే శేషాచలం కొండలకూ, బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు నడిచే ఏనుగుకూ ఇదే తగినది. ‘ది హిల్స్ రైజ్ మెజెస్టికల్లీ’ అన్నట్టు లేవడం, సాగడం, నడవడం లాంటి క్రియలతో చక్కగా కుదురుతుంది. విందుకు మాత్రం అతకదు. ‘మెజెస్టిక్ డిన్నర్’ అనరు, ‘మాగ్నిఫిసెంట్ డిన్నర్’ అంటారు. తలకోన జలపాతం లాంటి చోట రెండూ ఒప్పే. నా ఓటు మెజెస్టిక్‌కే. కేకు నుంచి క్రికెట్ షాట్ దాకా అన్నిటికీ వాడి మాగ్నిఫిసెంట్‌ను అరగదీశారు.

గ్రాండ్ సంగతి తేలిక. ‘పెళ్లి గ్రాండ్‌గా చేశారు’ అని మనం అన్నట్టే ఇంగ్లీషులోనూ చెల్లుతుంది, ‘వెరీ’ కూడా పెట్టుకోవచ్చు. ఐర్లండ్‌లో ‘ఐయామ్ గ్రాండ్’ అంటే బాగున్నానని మాత్రమే. ‘టెన్ గ్రాండ్’ అంటే పదివేల డాలర్లో పౌండ్లో.

అసలు ప్రమాదం గ్రాండియోజ్‌తో. గ్రాండ్‌కు పెద్దన్న అనుకుని కల్యాణమండపం కరపత్రంలో ‘అవర్ గ్రాండియోజ్ హాల్’ అని వేస్తే, మాది ఉత్త ఆర్భాటం అని చాటుకున్నట్టే. ఎదుటివాళ్ల ప్రణాళికను ‘గ్రాండియోజ్ ప్లాన్’ అంటే అది మెప్పు కాదు, బడాయి అని తీసిపారేయడం. ‘గ్రాండ్ హాల్’ అంటే చాలు.

ఇంపోజింగ్ చూసేవాడి మీద పడే బరువును చెబుతుంది. చంద్రగిరిలో కోటగోడ, దాని వెనక రాతికొండ కలిసి మనల్ని చిన్నబుచ్చుతాయి కదా, అది. లోపల మూడంతస్తుల రాజమహల్‌కు, వరుస తీరిన తోరణాల కుదురుకు, స్టేట్లీ బాగుంటుంది. స్ప్లెండిడ్‌కు మూలం మెరుపు. వాడుకలో ఇప్పుడది ‘భలే’ స్థాయికి దిగింది కాబట్టి, ఆనంద నిలయం బంగారు విమానానికి రెస్‌ప్లెండెంట్ రాయండి.