బిగ్‌బాసా, పాటల పోటీయా? పిల్లల్ని పక్కన పెట్టుకోని చూడ్డానికి ఏది మేలు?

మాది కావలి. ఇంట్లో టీవీ ఒక్కటే, రాత్రి తొమ్మిదిన్నర అయిందంటే మా అత్త, నేను, మా పాప ముగ్గురం దాని ముందు చేరతాం, మా ఆయన అన్నం తిని షాపు లెక్కలు చూసుకుంటా ఒక చెవి ఇటేసి ఉంటాడు. బిగ్‌బాస్ సీజన్ నడిచినన్నాళ్లూ అదే, అది లేనప్పుడు పాటల పోటీలు. మొన్న మా ఆడబిడ్డ ఒంగోలు నుంచి ఫోన్ చేసి "వదినా, పిల్లోళ్లు పెద్దోళ్లవతా ఉండారు, పక్కన కూర్చోబెట్టుకోని ఏది చూడొచ్చో చెప్పు, బిగ్‌బాస్ పెడితే వాళ్ల నాన్న కేకలేస్తా ఉండాడు" అనింది. ఏదో రెండు ముక్కలు చెప్పి పెట్టేసినా గానీ మనసు ఆగలేదు, అందుకే ఇంత రాస్తా ఉండా.

ముందే చెప్పేస్తా, నా ఓటు పాటల పోటీకే. అట్టని బిగ్‌బాస్ చూసేవాళ్లంటే నాకు చిన్నచూపు లేదు, 2017లో జూనియర్ ఎన్టీఆర్ చేసిన మొదటి సీజన్ నుంచీ నేనూ చూస్తానే ఉండా. శివబాలాజీ గెలిచిన ఆ సీజన్ డెబ్బై రోజులే, తర్వాత 2018లో నాని, 2019 నుంచి నాగార్జున, వంద రోజులు దాటించేశారు. మా అత్తకి నాగార్జున వచ్చే శని ఆదివారాలంటే పండగ.

ఇప్పుడు అసలు సంగతి. బిగ్‌బాస్‌లో ఎవరికో ఎవరి మీదో కోపం రావడం యాదృచ్ఛికం కాదు, ఆట రూలే అది. సోమవారం నామినేషన్లు. ప్రతి ఒక్కరూ లేచి నిలబడి ఫలానా మనిషి ఎందుకు వెళ్లిపోవాలో కారణం చెప్పాలి, కారణం లేకపోయినా చెప్పాల్సిందే, లేకపోతే "సేఫ్ ఆడతా ఉండావు" అంటారు. అంటే వారం మొత్తం పక్కనోళ్లలో తప్పు వెతుక్కోవాలి, గిన్నెలు సరిగా తోమలేదనేది కూడా సోమవారానికి పెద్ద నేరం అయిపోతుంది. ఇరవై నాలుగ్గంటలు కెమెరాలు తిరుగుతాయి, మనకి చూపించేది గంటా గంటంబావు. మిగతా ఇరవై రెండు గంటలకు పైన ఆ మనిషి ఏం చేసిందో మనకి తెలియదు, ఆ గంటలో చూసినదాన్ని పట్టుకోని మనం ఆమె గుణం మొత్తం తేల్చేస్తాం.

ఒక రోజు జరిగింది చెప్తా. మా అత్త చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తా చూస్తా ఉంది, టీవీలో ఒకమ్మాయి బెడ్‌రూం నుంచి కిచెన్‌లోకి నడుస్తా ఉంది, వెనక డమడమా మ్యూజిక్, ముఖం మీదకి జూమ్. "దీనికెంత పొగరో చూడు" అనింది మా అత్త, నేను కూడా అవునత్తా అన్నాను, నిజానికి ఆ పొద్దున్నే ఫోన్‌లో ఆ అమ్మాయి గురించి "ఈ పీడ ఎప్పుడు పోతుందో" అని కామెంట్ కూడా పెట్టుండా. అంతలో ఫోన్ వచ్చి మా పాప టీవీ మ్యూట్ చేసింది. మ్యూజిక్ లేదు. అదే అమ్మాయి, అదే నడక, ఇప్పుడు చూస్తే తలనొప్పితో మంచినీళ్ల కోసం పోయే మనిషి మాదిరి ఉంది. గ్లాసు తీసుకుంది, తాగింది, గోడకి ఆనుకోని కళ్లు మూసుకుంది. అంతే. మా పాప ఫోన్ నాకిస్తా "ఆ అక్క ఏం చేసిందిమ్మా?" అనడిగింది, నా దగ్గర చెప్పడానికేం లేదు. ఆ రాత్రి కామెంట్ తీసేశా గానీ అప్పటికే దానికింద నలభై మంది నవ్వుల బొమ్మలు పెట్టుండారు, అది నన్ను చాలా రోజులు పీకింది.

సెలబ్రిటీలంటే జనానికి ఇంత మంట ఎందుకనేది నాకు కొంతవరకు అర్థమవుద్ది. ఎండలో నిలబడి కూలి తెచ్చుకునేవాళ్లకి, వారానికింతని డబ్బు తీసుకోని ఏసీ ఇంట్లో కూర్చోని "నాకు చాలా కష్టంగా ఉంది" అని ఏడ్చేవాళ్లని చూస్తే కడుపు మండదా? మండుతుంది. ఆ మంటలో న్యాయం లేదని నేననను. కానీ ఆ మంట డబ్బు మీద మొదలై మనిషి ముఖం మీదకి, మాట మీదకి, తల్లిదండ్రుల మీదకి పోతుంది చూడండి, అక్కడే తేడా కొడతా ఉండాది.

ఇది మన దగ్గరే కాదు. ఈ ఆట పుట్టింది 1999లో నెదర్లాండ్స్‌లో. అక్కడి నుంచి ఇంగ్లండుకి పోయినాక 2002లో జేడ్ గూడీ అని ఒక మామూలింటి పిల్ల లోపలికి పోతే అక్కడి పేపర్లు ఆ పిల్ల రూపాన్ని, చదువుని పట్టుకోని ఎంత నీచంగా రాశాయో. మళ్లీ 2007లో అదే ఆటలో ఆ పిల్లే శిల్పాశెట్టిని అవమానించిందని గొడవయ్యింది, అది ఆమె తప్పే, క్షమాపణ చెప్పుకుంది. 2008లో మన హిందీ బిగ్‌బాస్‌కి వచ్చింది, హోస్టు శిల్పాశెట్టే, ఆ ఇంట్లో ఉండగానే క్యాన్సర్ అని తెలిసి తిరిగి వెళ్లిపోయింది, 2009 మార్చిలో చనిపోయింది, 27 ఏళ్లు. చిన్న పిల్లలు ఇద్దరు. జనం మొదట తిట్టారు, తర్వాత మెచ్చారు, మళ్లీ తిట్టారు, చివరికి ఏడ్చారు. ఇది తల్చుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

"సరే వదినా, సెలబ్రిటీలతోనే కదా తంటా, మామూలోళ్లని పెడితే బాగుంటది కదా" అని మా ఆడబిడ్డ అనింది. నేను కూడా అట్టానే అనుకున్నా. 2022లో ఆరో సీజన్‌కి మన నెల్లూరు జిల్లా ఆదిరెడ్డి పోయినప్పుడు ఎంత సంబరమో, ఇంట్లో కూర్చోని బిగ్‌బాస్ రివ్యూలు చెప్పుకునే మనిషి అదే బిగ్‌బాస్ ఇంట్లో ఫైనల్ దాకా ఉన్నాడంటే మామూలు విషయమా, మా వీధిలో ఓటెయ్యని ఫోన్ లేదు. బిగ్‌బాస్‌కి ఉన్న నిజమైన మంచి ఇదే, పేరు లేనోడికి తలుపు తీస్తుంది. 2023లో రైతుబిడ్డనని వచ్చిన పల్లవి ప్రశాంత్ కప్పు కొట్టినప్పుడు మా ఆయన కూడా లెక్కల పుస్తకం మూసేసి వచ్చి కూర్చున్నాడు.

కానీ ఆ రాత్రి ఏమయింది? హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ బయట రెండో స్థానంలో వచ్చిన సీరియల్ హీరో అమర్‌దీప్ కారు మీద పడ్డారు, ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు, మూడు రోజులకి గెలిచిన మనిషే అరెస్టయ్యాడు. సీరియల్ హీరో అంటే పడదు, రైతుబిడ్డ అంటే ప్రేమ, సరే, ఆ బస్సులో ఎక్కేది మనలాంటోళ్లే కదయ్యా. 2025లో తొమ్మిదో సీజన్‌లో అగ్నిపరీక్ష అని ముందు ఒక ఎంపిక పోటీ పెట్టి మామూలోళ్లని ఏరి తెచ్చి, వాళ్లని ఇంటి ఓనర్లు చేసి సెలబ్రిటీలని టెనెంట్లు చేశారు. రెండు వారాలు తిరక్కముందే "ఈ కామనర్లకి ఎంత పొగరు" అని అదే జనం మొదలుపెట్టారు. ఓనర్ ఎవరైతే వాళ్ల మీదే కోపం. అంటే మామూలోళ్లని పంపినంత మాత్రాన ఆట మారదు, ఆ సోమవారం నామినేషన్ ఉన్నంతవరకు ఎవరు పోయినా అంతే.

పాటల పోటీకొస్తా. మా అత్తకి దీని మీద ఇంకో ప్రేమ, బాలు గారు మన నెల్లూరు మనిషని. తిప్పరాజువారి వీధిలో ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాలకని కంచి మఠానికి ఇచ్చేశారు, అదే సంవత్సరం సెప్టెంబర్‌లో ఆయనే పోయారు. 1996లో ఈటీవీలో మొదలైన పాడుతా తీయగాలో ఆయన తప్పు చెప్పే తీరు పాత ఎపిసోడ్లలో చూడండి. పిల్ల పాడేసి బిక్కుబిక్కుమంటా నిలబడుంటుంది, ఆయన ముందు ఆ పాట రాసినాయన గురించి చెప్పి, బాణీ కట్టినాయన గురించి చెప్పి, తర్వాత "ఇక్కడ ళ అమ్మా, ల కాదు" అని తనే పాడి వినిపిస్తారు. తప్పు పాటలోని ఆ అక్షరంలో ఉంది, పిల్లలో లేదు. ఇంట్లో కూర్చున్న మనం కూడా ఆ ళ దగ్గర చెవి పెడతాం గానీ ఆ పిల్ల నడక దగ్గర పెట్టం.

లోపాలు లేవా అంటే ఉండాయి, దాచను. ఇప్పటి పాటల షోల్లో జడ్జీలు అందరికీ లేచి చప్పట్లు కొడితే ఎవరు బాగా పాడారో తెలీదు, పాటకి ముందు ఇంటి కష్టాలు చూపించి వయొలిన్ వాయిస్తారు, ఓట్లు మనోడు మనూరోడు అని పడతాయి. 2022లో ఆహా యాప్‌లో తెలుగు ఇండియన్ ఐడల్ మొదటి కప్పు నెల్లూరు పిల్ల వాగ్దేవి గెలిచి చిరంజీవి చేతుల మీదుగా తీసుకుంటే, మేం ఫోన్‌ని ఊరగాయ జాడీకి ఆనించి పెట్టుకోని ముగ్గురం తలలు ఆనించి చూశాం. మనూరి పిల్ల అని మేమూ ఓటేశాం, నిజమే. కానీ ఆ పిల్లకి ఓట్లు పడాలని ఇంకో పిల్లని తిట్టాల్సిన పని మాకు రాలేదు.

ఇంకా అనుమానముంటే ఒక్క మనిషిని చూడండి, శ్రీరామచంద్ర. మా అత్త పుట్టిల్లు అద్దంకి, ఆ అబ్బాయీ అద్దంకిలో పుట్టినోడే. 2010లో హిందీ ఇండియన్ ఐడల్ ఐదో సీజన్ గెలిచినప్పుడు మా అత్త మామయ్య చేత రీచార్జి చేయించి మరీ ఎస్సెమ్మెస్‌లు కొట్టించింది. అదే అబ్బాయి 2021లో బిగ్‌బాస్ ఐదో సీజన్‌కి పోయాడు. ఒక నామినేషన్ రోజు "ఇట్టాంటోడా వీడు" అని మా అత్త ముఖం తిప్పుకుంది. ఐసు టాస్కులో కాళ్లు దెబ్బతిని నడవలేని రోజు మళ్లీ కళ్లనీళ్లు పెట్టుకుంది. మూడో స్థానంలో బయటికొచ్చాడు. గొంతు అదే, మనిషి అదే, మా అత్తా అదే. పదకొండేళ్లు పాటతో తెలిసినోడు ఒక్క సోమవారానికి కానోడైపోయాడు.

మా ఆడబిడ్డకి మళ్లీ ఫోన్ చేసి చెప్పేశా. పిల్లలతో పాటలే పెట్టు, బిగ్‌బాస్ కావాలంటే ఆదివారం ఒక్కటి చూడండి, గొడవ సీన్ వస్తే ఒకసారి మ్యూట్ చేసి పిల్లోళ్లనే అడుగు, ఆ మనిషి ఏం చేస్తా ఉందో చెప్పమను. మా అత్త మాత్రం సోమవారం నామినేషన్లు వదలనంటుంది, ఆమెకి ఫోన్‌లో పెట్టిచ్చి ఇయర్‌ఫోన్స్ ఇచ్చి వరండాలో కూర్చోబెడతా ఉండాం.