పరుపుకి 600, పంటుకి 80: కాకినాడ నుంచి నరసాపురం దాకా

మా అక్కా బావగారూ ఉండేది వరంగల్లో. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా బావగారు గోదారి జిల్లాల్లో మా ఇల్లు, నాలుగైదు పెళ్ళి మండపాలు తప్ప ఏమీ చూడలేదు. ఈసారి ఫాల్గుణంలో నాలుగు రోజులు సెలవు పెట్టుకుని రండి, సముద్రం ఒడ్డు ఊళ్ళన్నీ తిప్పి చూపిస్తాను అని నేనే పిలిచాను. రూటు వేసింది నేను, రూములు మాట్లాడింది నేను. అందుకే యానాంలో ఒక లాడ్జి వాళ్ళు చేసిన పనికి డబ్బు పోయిందన్న బాధకంటే, అయినవాళ్ళ ముందు తల కొట్టేసినట్టయిందన్న బాధే ఎక్కువ. ఆ సంగతి చెప్పడానికే ఇది మొదలుపెట్టాను కానీ, వెళ్ళాలనుకునే వాళ్ళకి పనికొచ్చేవి కూడా రాస్తాను.

ముందు ఎప్పుడు వెళ్ళాలో చెప్తాను. సంక్రాంతికి రావద్దు, రూము దొరకదు, దొరికినా రెండింతలు అడుగుతారు. శివరాత్రికి ద్రాక్షారామం, పాలకొల్లు జనంతో కిక్కిరిసిపోతాయి. శివరాత్రి వెళ్ళిన వారం పది రోజులకి బయల్దేరితే దాళ్వా (రెండో పంట) వరి చేలు ఇంకా పచ్చగా ఉంటాయి, కాలవల్లో నిండా నీళ్ళుంటాయి, మామిడి పిందె పడుతుంది, సంతల్లో పనసపొట్టు కొట్టి అమ్ముతుంటారు. ఏప్రిల్లో కాలవలు కట్టేశాక కోనసీమ ఈ కోనసీమలా ఉండదు. ఎండ కూడా పెద్దవాళ్ళు తట్టుకోలేరు. మా అమ్మకి 71.

ఇంకో మాట, రైలు టికెట్లు వెళ్ళిన చోటికే తిరిగొచ్చేలా తీసుకోకండి. అక్కావాళ్ళని గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడకి రమ్మన్నాను, తిరుగు ప్రయాణం నరసాపురంలో ఎక్కేలా చేయించాను. రెండూ రాత్రి బళ్ళే. ఇలా అయితే వచ్చిన దారినే మళ్ళీ వెనక్కి పోయే పని లేకుండా, సముద్రం వెంటే ఒక కొస నుంచి ఇంకో కొసకి వెళ్ళిపోవచ్చు. మేము అమలాపురం నుంచి మా కారులో వెళ్ళి వాళ్ళని స్టేషన్లో ఎక్కించుకున్నాం. నేను, మా ఆయన, అమ్మ, అక్క, బావగారు, మొత్తం ఐదుగురం.

కాకినాడలో ఒక రోజు హాయిగా గడిచింది. రూము 1,800, శుభ్రంగా ఉంది. గొట్టం కాజా కొరికితే పాకం చొక్కా మీద పడి బావగారు నవ్వారు. ఉప్పాడ వెళ్ళాం, అక్క నేతగాళ్ళ ఇంట్లోనే 9,500 పెట్టి జాందానీ చీర తీసుకుంది. చీర తిరగేసి చూడండి, రెండు వైపులా బుటా ఒకేలా ఉండాలి, మగ్గం పక్కన కూర్చుంటే వాళ్ళే చూపిస్తారు. బీచ్ రోడ్డు మీద సముద్రం ఊరిని ఎంత కోసేసిందో చూస్తే మనసు పాడవుతుంది. రోడ్డు నిలబడ్డానికి పోసిన బండరాళ్ళ మీదకే అలలు ఎగిరిపడుతున్నాయి.

రెండో రోజు పొద్దున్నే కోరింగ మడ అడవులకి. కాకినాడ దాటి చొల్లంగి దగ్గరే దారి. టికెట్ ఇచ్చే అబ్బాయి డబ్బులు తీసుకునే ముందే చెప్పాడు, "ఇప్పుడు నీళ్ళు బాగా తీసేశాయండి, బోటు ఎక్కినా మీకు బురద తప్ప ఏం కనపడదు, గంటన్నర ఆగి పోటు మీద ఎక్కండి" అని. ఆ మాట చెప్పకపోయినా మేము డబ్బులిచ్చి ఎక్కేవాళ్ళమే. రోజూ రెండు పోట్లు వస్తాయి, రోజు రోజుకీ ముప్పావు గంట పైనే ఆలస్యంగా వస్తాయి, కాబట్టి నిన్న వెళ్ళినవాళ్ళు చెప్పిన టైము ఇవాళ పనికిరాదు. బయల్దేరే ముందు రోజు ఎవరైనా వేటకెళ్ళేవాళ్ళని పోటు ఎప్పుడని అడగండి, క్షణంలో చెప్తారు.

ఆ గంటన్నరా చెక్క వంతెన మీద నడిచాం. ఈ పూట ఇదే నాకు బాగా నచ్చింది. కింద బురదలోంచి మడ చెట్ల ఊపిరి వేళ్ళు మేకులు తిరగేసి పాతినట్టు లేచి ఉన్నాయి. వాటి మధ్య వేలెడంత చేపలు, కళ్ళు నెత్తి మీద పెట్టుకుని, రెక్కల మీద పాకుతూ బురద ఎక్కుతున్నాయి. ఒక చిన్న పీత, ఒంట్లో సగం ఉన్న ఒంటి కొండిని ఎత్తుతూ దించుతూ, ఎవరినో రమ్మని పిలుస్తున్నట్టు అలా ఆడిస్తూనే ఉంది. అమ్మ రెయిలింగ్ పట్టుకుని వంగి అది కన్నంలోకి పోయేదాకా చూసింది. ఒక హెచ్చరిక, తిల్ల అనే మడ చెట్టు ఆకులు తుంపొద్దు, దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. పిల్లలుంటే ముందే చెప్పండి. తర్వాత పోటెక్కాక బోటు ఎక్కాం, ప్రవేశం, బోటు అన్నీ కలిపి ఐదుగురికీ 900 అయింది. దండగ అనిపించలేదు.

కోరంగి ఇప్పుడు చూస్తే పల్లెటూరు. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు, ఇక్కడి నుంచి బర్మా వెళ్ళిన జనం ఎంతమందంటే అక్కడ తెలుగు కూలీలని కొరంగీలనే పిలిచేవారు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో ఇంకోసారి ఉప్పెన వచ్చి రేవుని ఊడ్చేసింది. సైక్లోన్ అన్న మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ రాసిన తుఫానుల్లో ఈ కోరంగి తుఫాను ఉంది. బావగారు చరిత్ర పిచ్చి ఉన్న మనిషి, కారు ఆపించి దిగి కాసేపు ఆ గట్టు మీద నిలబడ్డారు. చూడ్డానికి ఏమీ లేదక్కడ, అయినా ఆయన మొహంలో ఆ పూట ఉన్న సంతోషం చూసి నేను రూటు బాగానే వేశాననుకున్నాను.

ఇక యానాం.

పగటి యానాం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చుట్టూ ఆంధ్రా, మధ్యలో ఈ 30 చదరపు కిలోమీటర్లూ ఎక్కడో తమిళ దేశం పక్కనున్న పుదుచ్చేరివి. ఫ్రెంచివాళ్ళు 1954 దాకా ఉన్నారు. శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాలు చెయ్యాలంటే పెళ్ళివారు బ్రిటిష్ హద్దు దాటి ఇక్కడికి వచ్చేవారట, మా అమ్మమ్మ వైపు వాళ్ళలో అలా పెళ్ళయినవాళ్ళున్నారని అమ్మ చెప్పింది. పాత చర్చి చూశాం, సాయంత్రం గోదారి గట్టు మీద కూర్చున్నాం, ఏనుగులు శివలింగం మీద నీళ్ళు పోసే చోట ఫోటోలు తీసుకున్నాం. పెట్రోలు ఇక్కడ తక్కువ, ట్యాంకు నింపుకోండి.

లాడ్జి నేను ఫోన్లో మాట్లాడాను. రెండు రూములు, గోదారి కనపడే వైపు, ఒక్కొక్కటి 2,600, టిఫిన్ అందులోనే. లిఫ్ట్ ఉందా అని రెండుసార్లు అడిగాను, ఎందుకంటే అమ్మకి మోకాళ్ళ నొప్పులు. "ఉందండి మేడం" అన్నారు. ఐదో మనిషికి పరుపు వేస్తారా అంటే "అలాగేనండి, దానికేముంది" అన్నారు. సగం డబ్బు, 2,600, అప్పుడే ఫోన్‌పే చేశాను.

సాయంత్రం ఏడింటికి వెళ్తే గోదారి వైపు రూములు పెళ్ళివారికి ఇచ్చేశామన్నారు. వెనక వైపు రెండో అంతస్తు. లిఫ్టు ఉంది, దాని తలుపుకి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీలు దొంతరగా పేర్చి ఉన్నాయి. ఎప్పటి నుంచి ఆగిపోయిందో కుర్చీల మీద దుమ్ము చూస్తే తెలుస్తుంది. అమ్మ మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కింది. రూము కిటికీ తీస్తే చేతికందేంత దూరంలో పక్క బిల్డింగు గోడ. రేటు తగ్గిస్తారా అంటే "సీజన్ కదండి" అన్న ఒక్క మాట. వేరే చోటికి పోదామంటే అమ్మ మళ్ళీ మెట్లు దిగలేనంది.

పరుపు రాత్రి పదింటికి తెచ్చారు. గుడ్డ లేదు. మధ్యలో నూనె మరక తల ఆకారంలో ఉంది, అంటే ఎంతమంది తలలు ఆనించి ఉంటారో ఊహించుకోండి. నా చీర పరుచుకుని దాని మీద పడుకున్నాను. మందు చవక అని చుట్టుపక్కల నుంచి వచ్చే బ్యాచీలన్నీ కింద పార్కింగ్‌లోనే కూర్చున్నాయి, రెండింటి దాకా అరుపులు. దోమల సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున టిఫిన్ నలుగురికే వస్తుందన్నారు, ఐదో ప్లేటుకి విడిగా కట్టాలట. అమ్మ నాకు ఆకలి లేదులే అంది. ఆకలి లేక కాదని నాకు తెలుసు.

బిల్లులో ఎక్స్‌ట్రా బెడ్ 600 అని వేశారు. బావగారు మారు మాట్లాడకుండా పర్సు తీశారు. అదే నాకు తట్టుకోలేనిదయింది. పిలిచిన వాళ్ళం మేము, ఆయన ఇస్తున్నాడు. నేను ఆయన చెయ్యి ఆపి, రూములు మారినట్టు, లిఫ్ట్ పని చెయ్యనట్టు, ఈ 600 ఎందుకో, అన్నీ రాసి స్టాంపు వేసి రసీదు ఇవ్వండి అన్నాను. మేనేజరు ముందు విననట్టు నటించాడు. నేను కౌంటరు ముందు నుంచి కదల్లేదు, వెనక వేరేవాళ్ళు వచ్చి నిలబడ్డారు. పది నిమిషాలకి 600 కొట్టేశాడు. మిగతాది పోయినట్టే. కారెక్కాక బావగారు ఒకటే అన్నారు, "గోదారోళ్ళ మర్యాద మస్తుంటదని మా ఆఫీసుల అందరూ చెప్తరు" అని. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నారు. నాకు ద్రాక్షారామం వచ్చేదాకా మాట రాలేదు.

నా సలహా, యానాం పగలు చూడండి, రాత్రికి అమలాపురం వచ్చెయ్యండి, ఎదుర్లంక వంతెన దాటితే ఎంతో దూరం లేదు. ఉండాల్సి వస్తే రూము కళ్ళతో చూడకుండా పైసా ఇవ్వకండి, ఫోన్లో ఏం ఒప్పుకున్నారో మెసేజ్‌లో రాయించుకోండి.

ద్రాక్షారామంలో భీమేశ్వరస్వామి దర్శనం పావుగంటలో అయింది. రెండంతస్తుల గుడి, పైకెక్కి స్ఫటిక లింగాన్ని చూడాలి. గోడల మీద, స్తంభాల మీద శాసనాలు చదువుతూ బావగారు గంటసేపు తిరిగారు.

తర్వాత అంబాజీపేట. పొట్టిక్కలు తినకుండా కోనసీమ దాటకూడదని నా గట్టి అభిప్రాయం. నాలుగు పనసాకులు ఈనె పుల్లలతో కుట్టి బుట్ట చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పుతుంటే ఆవిరితోపాటు పనసాకు వాసన వస్తుంది, పిండి మీద ఆకు ఈనెలు అచ్చు పడి ఉంటాయి. అల్లం పచ్చడి, నెయ్యి. పొద్దుట టిఫిన్ మానేసిన అమ్మ మూడు తింది. బావగారు పుల్లలు తీసి ఆకుని మళ్ళీ బుట్టగా కుట్టబోయి, రాక, హోటలు వాళ్ళ అమ్మాయిని అడిగి నేర్చుకున్నారు. ఐదుగురికీ కాఫీతో కలిపి 340. ఆ రాత్రి మా ఇంట్లోనే. పనసపొట్టు ఆవ పెట్టి వండాను.

నాలుగో రోజు అంతర్వేది. నరసింహస్వామి దర్శనం చేసుకుని, 2020లో రథం కాలిపోయాక చేయించిన కొత్త రథం చూసి, అన్నాచెల్లెళ్ళ గట్టుకి వెళ్ళాం. వశిష్ఠ గోదారి సముద్రంలో కలిసేది అక్కడే. భీష్మ ఏకాదశి తీర్థానికి చిన్నప్పుడు నాన్న భుజాల మీద వచ్చానని అమ్మ చెప్తూ, ఎవరూ పట్టుకోకుండా నీళ్ళలోకి మోకాళ్ళ దాకా దిగింది.

సఖినేటిపల్లి రేవులో మా ఆయన కారుతో చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వస్తానన్నారు, మేము నలుగురం పంటు ఎక్కాం. రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచినదే పంటు. మా పక్కన పాల క్యాన్లు, రొయ్యల ఐసు పెట్టెలు, గెలలు కట్టిన బైకులు, స్కూలు పిల్లలు. మధ్య గోదారిలోకి వచ్చాక గాలికి అక్క కొంగు ఎగిరి ఎవరో పెద్దాయన మొహాన పడితే, ఆయన నవ్వుతూ తీసి ఇచ్చి, అమ్మని చూసి తన ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చి నిలబడ్డాడు. ఆ కుర్చీ ఆయన అమ్మకానికి తీసుకెళ్తున్నది, ఇంకా కవరు కూడా విప్పలేదు. నలుగురికీ పంటు టికెట్ 80. గోదారి కనపడుతుందని 2,600కి ఒప్పుకున్న కిటికీలోంచి కనపడని గోదారి, ఇక్కడ నాలుగు వైపులా ఉంది. బావగారు దిగాక, "మళ్ళీ ఒకసారి అటు పోయి వద్దామా" అన్నారు. వెళ్ళొచ్చాం. ఇంకో 160.

నరసాపురంలో లేసు అల్లే ఇళ్ళకి వెళ్ళి అక్క 1,200 పెట్టి టేబుల్ గుడ్డ కొంది. షాపుల్లో కాకుండా అల్లేవాళ్ళ దగ్గరే కొనండి, డబ్బు వాళ్ళ చేతికే పోతుంది. పక్కనే మాధవాయపాలెం, ఆ పేరు మీదే మడపోలం అనే నూలు గుడ్డ దేశదేశాలు తిరిగింది. భోజనానికి ఒక హోటల్లో పులస చేప ఉందని చెప్పారు, ప్లేటు 1,500. పులస దొరికేది శ్రావణంలో, గోదారికి ఎర్రనీరు వచ్చినప్పుడు. ఫాల్గుణంలో పులస అని ఎవరు పెట్టినా లేచి వచ్చెయ్యండి. మేము వచ్చేసి రేవు దగ్గర మెస్సులో 120 భోజనం చేశాం, రొయ్యలు గోంగూర, అడిగినన్నిసార్లు వేశారు.

రైలు టికెట్లు, చీర, లేసు కాకుండా నాలుగు రోజులకీ ఐదుగురికి 16,400 అయింది. అందులో 5,200 ఆ ఒక్క రాత్రిది. రైలెక్కేటప్పుడు బావగారి చేతిలో అంబాజీపేట పనసాకులు ఒక కట్ట ఉంది, నిన్నటివి, కొంచెం వాడాయి. వచ్చే ఏడు వాళ్ళ తమ్ముళ్ళని కూడా తెస్తానంటున్నారు. యానాంలో బస వద్దు, మా ఇంట్లో పక్కలు వేస్తాను, పంటు ప్రయాణం పొద్దునే పెట్టుకుందాం అని అప్పుడే చెప్పేశాను.