ఆయా కోసం ముందు పాత ఇళ్లకు ఫోన్లు, తర్వాతే ఇంటర్వ్యూ: మూడేళ్ల తర్వాత నా మాట

మా పాపకు ఎనిమిదో నెలలో మొదటి ఆయాను పెట్టుకున్నాం. ఇంటర్వ్యూలో గడగడా మాట్లాడింది. ఎత్తుకోగానే పాప నవ్వింది, మేం కరిగిపోయాం. ఆమె ఇచ్చిన ఒక్క నంబరుకు ఫోన్ చేస్తే "చాలా మంచిదండీ" అన్నారు, అక్కడితో ఆపేశాం. ఆ నంబరు ఆమె వదినదని నెలన్నర తర్వాత తెలిసింది. అదీ, పాపను టీవీ ముందు కూర్చోబెట్టి తను ఫోన్లో మునిగిపోయిన రోజున గట్టిగా అడిగితే.

రెండోసారి ముందు, వచ్చిన ఆయాలు ఇదివరకు పనిచేసిన పాత ఇళ్లకే ఫోన్ చేశాను, ఒక్కొక్కరికి కనీసం 2 ఇళ్లు. ఇక్కడ వివరాలు మనం అందించకూడదు. "మీ దగ్గర రెండేళ్లు చేసిందట కదా" అంటే అవతలివాళ్లు "అవునండీ" అనేస్తారు. ఎప్పటి నుంచి ఎప్పటిదాకా చేసింది, అప్పుడు బాబుకు ఎన్నేళ్లు అని అడిగితే, నిజంగా ఆ ఇంటివాళ్లయితే తడుముకోరు. "మంచిదేనా" అని అడగడం దండగ. ఆలస్యమయ్యే రోజు ముందే చెప్పేదా? పిల్లాడు మొండికేస్తే ఏం చేసేది? మళ్లీ అవసరమైతే ఆమెనే పిలుస్తారా? ఈ చివరి ప్రశ్నకు ఒకావిడ కాసేపు ఆగి, "బాబు పెద్దవాడయ్యాడు కదండీ..." అని నసిగింది. ఆ ఆయాను వద్దనుకున్నాం. ఒక్క నసుగుడుకే తీసేయడం అన్యాయమని మా ఆయన ఇప్పటికీ అంటారు.

ఇంటర్వ్యూలో మాత్రం ఒక్కటే చూశాను, తెలియనిది తెలియదని చెబుతారా అని. పాప గొంతులో ఏదైనా అడ్డుపడి ఊపిరాడకపోతే ఏం చేస్తావని అడిగాను. ఏడాదిలోపు పిల్లలైతే తల కిందికి ఉండేలా బోర్లా పట్టుకుని వీపు మీద రెక్కల మధ్య 5 సార్లు చరచాలి, తగ్గకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కాలి. ఒకామె "వేలు పెట్టి తీసేస్తా" అంది, ఎంతో ధైర్యంగా. కనబడనిదాన్ని వేలితో తీయబోతే ఇంకా లోపలికి పోవచ్చు. ఇంకొకామె "నాకు తెలీదమ్మా, చూపిస్తే నేర్చుకుంటా" అంది. మొత్తమ్మీద ఆమె పది మాటలు మాట్లాడి ఉంటుందేమో. పాప ఆ రోజు ఆమె దగ్గరికి వెళ్లనేలేదు. మూడు రోజులు జీతమిచ్చి, మేం ఇంట్లో ఉండి చూశాం. ఇప్పటికీ ఆమే ఉంది.

ఇబ్బందులు లేకపోలేదు. ఆయా ప్రస్తుతం పనిచేస్తున్న ఇంటికి ఆమెను అడగకుండా ఫోన్ చేస్తే ఉన్న పని పోతుంది, అలా చేయొద్దు. పాత ఇళ్లవాళ్లు ఒక పట్టాన ఫోన్ ఎత్తరు. నాకు మూడు వారాలు పట్టింది, సెలవులన్నీ అందులోనే అయిపోయాయి.