రాజకీయం, సాంకేతికం, సంగీతం: రేడియో మేలా, ఫోన్ మేలా?

రాజకీయాలు, సాంకేతిక విషయాలు, కర్ణాటక సంగీతం, ఈ మూడింటి మీదా మక్కువ ఉన్నవారికి ఉద్యోగం, ఇల్లు పోను రోజుకు మిగిలే తీరిక కొద్దిపాటిదే. ఆ కాస్త సమయాన్ని రేడియోకు ఇవ్వాలా, ఫోన్‌కు ఇవ్వాలా అన్నది నా దృష్టిలో నిదానంగా ఆలోచించి తేల్చుకోవలసిన విషయం.

ముందు రాజకీయాలు. ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు పది నిమిషాల్లో ముగుస్తాయి. అరుపులూ ఊహాగానాలూ లేకుండా, చెప్పవలసింది చెప్పి ఆగిపోవడం నాకెంతో నచ్చుతుంది. అయితే ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకు సొంతంగా వార్తలు చదివే అనుమతి లేనందువల్ల మన రేడియోలో రాజకీయ వార్త ప్రభుత్వ ప్రసార సంస్థ గొంతులోనే వినిపిస్తుంది. 2023 ఆగస్టులో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ బిల్లును ఆమోదించింది. ఆమోదించిందన్న ఒక్క వాక్యం వార్తకు చాలు గాని పౌరుడికి చాలదు. ఫోన్‌లో ఆ చట్టాన్ని తెరిచి చివరిదైన 44వ సెక్షన్ దాకా చదివితే, అది సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారాన్ని ఎప్పుడు ఇవ్వనక్కరలేదో చెప్పే 8(1)(జె) నిబంధన పాఠాన్ని కుదించిందనీ, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారాన్నైనా ఇవ్వవచ్చునన్న మాటను అక్కడి నుంచి తొలగించిందనీ తెలుస్తుంది. అదే సమాచార హక్కు చట్టంలోని 8(2)లో అటువంటి వెసులుబాటు ఇంకా ఉన్నా ఇది చిన్న మార్పు కాదు. రాజకీయాల్లో నా మొగ్గు అందుకే ఫోన్ వైపు.

సాంకేతిక విషయాలకు రేడియోలో చోటు తక్కువ కనుక అక్కడ పోటీయే లేదు.

సంగీతం దగ్గరే నాకు తీర్పు కష్టమవుతుంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు వంటి మహావిద్వాంసులు పనిచేసిన చోటు; అక్కడి ఉదయపు భక్తిగీతాల కార్యక్రమం భక్తిరంజని వింటూ పెరిగిన ఇళ్లు తెలుగునాట ఎన్నో. పొద్దున్నే ఏ రాగం వస్తుందో తెలియకుండా వినడంలో ఒక మేలు ఉంది: మనం ఎన్నడూ వెతకని రాగాలు, పేరైనా వినని గాయకులు పరిచయమవుతారు. ఫోన్ అయితే నిన్న విన్నదాని వంటిదే ఈరోజూ ముందు పెడుతుంది. కానీ రాగాన్ని లోతుగా తెలుసుకోవాలనుకునేవారికి ఫోన్ చేసే ఉపకారం రేడియో చేయలేదు. తోడి రాగం ఆలాపనలో గాంధారం, అంటే 'గ' స్వరం, ఒకచోట నిలబడదు, ఊగుతూనే ఉంటుంది. ఆ పది క్షణాల ముక్కను వేగం సగానికి తగ్గించి, శ్రుతి చెదరకుండా మళ్లీ మళ్లీ వింటే, గొంతు పై స్వరమైన మధ్యమం ('మ') వైపు ఎంత దూరం వెళ్లి ఎలా దిగివస్తోందో చెవికి స్పష్టంగా పట్టుబడుతుంది. రేడియోలో ఆ క్షణం దాటిపోతే ఇక దొరకదు.

కాబట్టి వినికిడి విస్తరించడానికి రేడియో, విన్నదాన్ని నేర్చుకోవడానికి ఫోన్ మేలని నా అభిప్రాయం. ఒక్కటే ఎంచుకోక తప్పదంటే ఫోన్‌నే తీసుకోమంటాను, ఎందుకంటే ఆకాశవాణి యాప్ వేసుకుంటే విజయవాడ కేంద్రం కూడా అందులోనే వస్తుంది. చదివే వేళ, వినే వేళ నోటిఫికేషన్లు మాత్రం ఆపివేయాలి. కోస్తాలో ఉండేవారు మాత్రం బ్యాటరీతో నడిచే చిన్న రేడియోను కూడా ఇంట్లో ఉంచుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు విశాఖలో కరెంటు, సెల్ సిగ్నళ్లు రెండూ పోయాయి. సెల్ టవర్లు పడిపోయిన చోట కూడా దూరపు కేంద్రం నుంచి వచ్చే మీడియం వేవ్ ప్రసారం అందుతుంది.